నీట మునిగిన మా కారు

మా కారు నశించినదని బీమా కంపెనీవారి జాబు వచ్చిన దినమున నేను హనుమకొండలోని వర్కుషాపునకు పోయి చూచితిని. కడిగి తుడిచి నిలిపిన ఆ బండి పెండ్లికొడుకువలె నుండెను. ఒక్క గీతయైనను లేదు, అద్దములు చెక్కుచెదరలేదు. తలుపు తెరచినపుడు మాత్రము చెరువు అడుగుమట్టి వాసన వచ్చెను. ఇట్టి బండిని నశించినదనుట యెట్లు? నశించినదానిని, కావలసినచో నీవే యుంచుకొమ్మనుట యేమి? ఈ రెండు ప్రశ్నలతో నేనొక మాసము వేగితిని. మన విద్యార్థుల తలిదండ్రులలో కార్లు గలవారు పలువురున్నారు గనుక ఆ సంగతి వ్రాయుచున్నాను.

2023 జూలై 26వ తేదీన వర్షములవలన పాఠశాలలకు సెలవిచ్చిరి. సెలవు దొరకినదే చాలునని నేనును నా భార్యయు రఘునాథపల్లి నుండి హనుమకొండలోని మా అక్క యింటికి బయలుదేరితిమి. వానకిచ్చిన సెలవున వానలోనే ప్రయాణము చేసిన తెలివి నాది. ఆ రాత్రి కురిసినదానిని వాన యనుటకు వీలులేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్లు నమోదయ్యెను. తెల్లవారునప్పటికి నయీంనగరు నాలా పొంగి, వీధిలో నిలిపిన మా బండి సీట్లవరకు నీటిలో నుండెను. ఆ దినముననే భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి యూరంతయు మునుగగా జనులు ఇండ్ల కప్పులపై నిలిచి హెలికాప్టరుకొరకు ఎదురు చూచిరి, ప్రాణములును పోయెను. వారి ముందర నా కారు మాట యెత్తుటకు సిగ్గగుచున్నది.

నీరు తీసిన పిమ్మట మా మేనల్లుడు తాళము త్రిప్పబోగా, పొరుగింటి లారీ డ్రైవరొకడు కేకవేసి యాపెను. పదవ తరగతివారు కారణము చెప్పగలరు: గాలిని నొక్కిన నణగును, నీరణగదు. సిలిండరులో నీరు చేరియుండగా ఇంజను త్రిప్పినయెడల పిస్టనును మోయు కడ్డీ వంగిపోవును. ఆ కేకవలన మా ఇంజను బ్రతికెను. నా చిక్కులన్నియు దానివలననే వచ్చినవి. ఇంజను చచ్చియున్నచో ఆలోచింపవలసిన పనియే యుండెడిది కాదు.

ఇక లెక్క. పాలసీలో బండి వెలగా వ్రాయు మొత్తమునకు ఐ.డి.వి. యని పేరు. తయారీదారుల వెలనుండి యేటేట తరుగు తీసి దానిని కట్టుదురు; నాలుగేండ్లు దాటి యైదు మించని బండికి తరుగు సగము. మా బండికి అది 2,50,000 రూపాయలు. మరమ్మతు ఖర్చు ఆ మొత్తములో నూటికి 75 పాళ్లు మించినచో, బండి కంటి యెదుట నున్నను పూర్తిగా నష్టమైనట్లే యెంచుదురు. వర్కుషాపువారి అంచనా 2,62,000. ఇంజను పాలు స్వల్పమే. తీగలు, కంప్యూటరు పెట్టెలు, గాలిసంచులు మిగిలినదంతయు మ్రింగినవి. సర్వేయరుగారు నాకు రెండు దారులు చూపిరి. బండిని విడిచినచో 1,000 రూపాయలు మినహాయించి 2,49,000 ఇత్తురు. నేనే యుంచుకొన్నచో, ఆ స్థితిలో బండికి పలికిన వెల 70,000 కూడ తగ్గించి 1,79,000 ఇత్తురు.

మా యూరి మెకానిక్కును వెంటబెట్టుకొనిపోయి బండిని చూపితిని. "తొంభై వేలు పెట్టుండ్రి సారూ, ఇంకో పదేండ్లు నడుస్తది" అనెను. అట్లయిన 89,000 చేతిలోను, బండి వాకిటను! విడిచినచో వచ్చు సొమ్మంతయు అట్టి బండినే మరల కొనుటకు పోవును. మిషను పాఠశాల జీతములు చదువరులకు తెలిసినవే. మా యమ్మను నెలకు రెండుమారులు జనగామ డాక్టరుగారికి చూపవలెను. మోకాళ్ల నొప్పులవలన ఆమె బస్సు మెట్లు ఎక్కలేదు. బండి నుంచుకొనుటకే నిశ్చయించితిని.

ఆ నిశ్చయమును చెరచినవాడును మెకానిక్కే. గాలిసంచులు పనిచేయునా యని మరునాడు అడిగితిని. అతడు కొంతసేపు చేతులు తుడుచుకొని, "అది నాకెరుక లేదు సారూ. గుద్దితేనే ఎరుకైతది" అనెను. ఇంత నిక్కమైన జవాబు నేను మరియెవరి నోటను వినలేదు. ఆ సంచులకు ఆజ్ఞనిచ్చు పెట్టె ముందు సీట్ల నడుమ నేలమీదనే యుండును. అది రాత్రియంతయు బురదనీట నానెను. జనగామకు పోవలెనన్న జాతీయ రహదారి 163 మీద లారీల నడుమ పోవలెను. మా యమ్మ కూర్చుండునది ముందు సీటులోనే. బండిని విడిచితిని.

అంతటితో కథ ముగిసిన బాగుండెడిది. సంతకములకు పోయినపుడు, కొనువాని పేరు వ్రాయని బదిలీ ఫారములు నా ముందు పెట్టిరి. పదవ తరగతి చదువు మా అమ్మాయి నా ప్రక్కనే యుండి, "మనకు పనికిరాని బండి వాళ్లకెట్లా పనికొస్తుంది నాన్నా?" అనెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను ప్రకారము, నాశమైన బండి సంగతి యజమాని 14 దినములలో తెలిపి రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెను గదా యని నేనడిగితిని. అది మరల నడువ వీలులేని బండికే గాని, ఖర్చు మించిన బండికి కాదని గుమాస్తా బదులు చెప్పెను. ఆ మాట తప్పని నేననజాలను. ఈ బండి వరదలో మునిగినదని కొనువారికి తెలుపవలెనని యొక జాబు వ్రాసి యిచ్చి, ముట్టినట్లు ముద్ర వేయించుకొని, ఖాళీ ఫారములపై సంతకము చేసితిని. నేనే యుంచుకొని యినుపసామానుగా విరిపించి, రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనుటకు దారి యుండెను. దానికి ఏబది వేలవరకు నష్టపడవలెను. ఆ ఏబది వేలు నేను పెట్టలేదు.

2024 డిసెంబరులో ఒక సాయంకాలము కోమళ్ల టోల్‌గేటు దగ్గరి టీ హోటలు ముందర మా నంబరు కంటబడెను. ముందు సీటులో చంటిబిడ్డ నొడిలో నిడుకొని యొక యిల్లాలు కూర్చుండెను. ఆమె భర్త టీ త్రాగుచుండెను. బండి యెట్లున్నదని అడుగగా, "మంచిగున్నది సార్. ఒక్కటే ఓనరు, పంతులు నడిపిన బండట. గీత గూడ లేదు" అని సంతోషముగా చెప్పెను.

ఆ పంతులను నేనే యని చెప్పి, జరిగినదంతయు చెప్పితిని. అతడు మొదట నవ్వెను. పిమ్మట గ్లాసు క్రింద పెట్టెను. గాలిసంచి బాగున్నచో, తాళము త్రిప్పగానే దాని గుర్తుగల యెఱ్ఱదీపము కొన్ని క్షణములు వెలిగి ఆరవలెనని చెప్పితిని. ఇద్దరము తలుపు కడకు పోతిమి. అతడు తాళము త్రిప్పెను. బ్యాటరీ దీపము వెలిగెను, ఆయిలు దీపము వెలిగెను. మేము చూచుచున్న దీపము వెలుగనే లేదు.