ఒకే గిన్నె, ఒకే దస్తర్‌ఖాన్

గత శీతాకాలంలో ఒక గురువారం ఫజ్ర్ నమాజు ముగించుకుని మేము బాపట్లలో రైలెక్కాము. రేపల్లెలోని మా ఆపా ఇంటికి ప్రయాణం. దుల్హాభాయి గుండెజబ్బుతో ఆస్పత్రిలో ఉండి, ఇంటికి చేరి నెల దాటింది. మందులు సక్రమంగానే వాడుతున్నారు. ఇబ్బంది అంతా భోజనం దగ్గరే. “పళ్లెంలో పెట్టింది సగం కూడా తినడం లేదు తమ్ముడూ, రోజురోజుకూ చిక్కిపోతున్నారు” అని ఆపా ఫోనులో కన్నీరు పెట్టుకున్నది.

బాపట్ల నుండి రేపల్లెకు రైలులో వెళ్లాలంటే తెనాలిలో మారాలి. అప్పికట్ల, నిడుబ్రోలు, చుండూరు దాటుతుండగా వరి కోసిన మళ్లలో మినుము పచ్చగా పరచుకుని కనిపించింది. తెనాలి కృష్ణా కాలువలు ఊరి మధ్యగా పారే పట్టణం. నిమ్మకాయల మార్కెట్టుకు పేరుపొందినది. రేపల్లె బండికి వ్యవధి ఉన్నందున బజారుకు వెళ్లి లేత సొరకాయ, క్యారెట్, బీన్సు, టమాటాలు, పుదీనా, కొత్తిమీర, నిమ్మకాయలు కొన్నాము. పక్కనే ఉన్న దుగ్గిరాల పసుపు కూడా కొంచెం కట్టించుకున్నాము.

తెనాలి–రేపల్లె రైలుమార్గం 1916లో ప్రారంభమైనది. పొడవు సుమారు 34 కిలోమీటర్లు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా బండి నింపాదిగా సాగుతుంటే, సంచిలోని సొరకాయను చూసి మేము ఏటా విద్యార్థులకు బోధించే ఒక హదీసు గుర్తుకు వచ్చింది. ఒక దర్జీ దైవప్రవక్త (స)ను భోజనానికి పిలిచి బార్లీ రొట్టె, ఎండుమాంసం, సొరకాయ వేసిన షోర్వా వడ్డించాడు. ఆయన (స) గిన్నెలో సొరకాయ ముక్కలను వెతికి తినడం హజ్రత్ అనస్ (రజి) చూశారు. ఆనాటి నుండి తనకూ సొరకాయ ప్రీతిపాత్రమైనదని ఆయన చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది.

రేపల్లె చేరాక అసలు సంగతి తెలిసింది. ఆ ఇంట రెండు వంటలు సాగుతున్నాయి. పిల్లలకు నూనె తేలే సాలన్. దుల్హాభాయికి ఉప్పూకారం లేని జావ. ఆయన గదిలో మంచం మీద ఒంటరిగా తింటారు. అవతల దస్తర్‌ఖాన్ చుట్టూ పిల్లల మాటలు, నవ్వులు వినబడుతుంటాయి. “మౌలానా, ఈ ఇంట్లో నేనొక్కణ్ణే వేరైపోయాను” అన్నారాయన మెల్లగా. చప్పిడి తిండి పిల్లలకు సయించదని ఆపా భయం. ఆమె ప్రేమతో చేసిన ఏర్పాటే ఆయన ఆకలిని చంపివేసింది.

ఎంత తిన్నా కడుపు నిండడం లేదని సహాబాలు విన్నవించుకోగా, కలిసి కూర్చుని అల్లాహ్ పేరుతో తినండి, అందులో శుభం కలుగుతుందని దైవప్రవక్త (స) బోధించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. ఆ రాత్రి ఒకే వంట చేద్దామని ఆపాకు చెప్పాము.

ఆరుగురికి కొలత ఇది. కొవ్వు తీసిన మటన్ ఖీమా 300 గ్రాములు తీసుకుని, అల్లం వెల్లుల్లి, తరిగిన పుదీనా, మిరియాల పొడి, రెండు చెంచాల పుట్నాలపప్పు పొడి, కొద్దిగా ఉప్పు చేర్చి బాగా పిసకాలి. ఉసిరికాయంత ఉండలు చేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. గిన్నెలో ఒక చెంచా నూనెతో ఉల్లిపాయ, టమాటా మగ్గించి, చిటికెడు పసుపు, రెండు లీటర్ల నీళ్లు పోసి, క్యారెట్, బీన్సు వేయాలి. మరిగాక సెగ తగ్గించి కోఫ్తాలను ఒక్కొక్కటిగా జారవిడవాలి. అయిదు నిమిషాలు గరిటె పెట్టరాదు, పెడితే చితికిపోతాయి. పైకి తేలిన నురగ తీసివేయాలి. సొరకాయ త్వరగా ఉడుకుతుంది కనుక పది నిమిషాల తరువాత వేసి, మరో పావుగంట ఉడకనివ్వాలి. దించిన పిమ్మట కొత్తిమీర, నిమ్మరసం కలపాలి.

కోఫ్తాలను వేయించకపోవడం వల్ల నూనె తగ్గుతుంది. మాంసం సారమంతా షోర్వాలోకి దిగుతుంది. మిరియాలు, పుదీనా, నిమ్మ ఉన్నచోట సగం ఉప్పుతోనే రుచి వస్తుంది. అయితే రోగికి ఉప్పు విషయంలో వైద్యుడు చెప్పిన కొలతే కొలత.

ఉడుకుతుండగా ఆపా మరో రెండు గ్లాసుల నీళ్లు పోసింది. షోర్వా వండేటప్పుడు నీళ్లు ఎక్కువ పోసి పొరుగువారిని పట్టించుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు బోధించిన మాట ఆమెకు చిన్ననాటి నుండీ కంఠస్థం. ఒంటరిగా ఉండే పక్కింటి పెద్దావిడకు ఒక గిన్నె వెళ్లింది.

ఇషా నమాజు తరువాత అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నారు. జొన్నరొట్టె షోర్వాలో నానబెట్టుకుని దుల్హాభాయి తిన్నారు. చిన్న మనవడు తన గిన్నెలోని కోఫ్తా ఒకటి తీసి ఆయన గిన్నెలో వేశాడు. ఆయన కాసేపు తలెత్తలేదు. తరువాత గిన్నె ముందుకు జరిపి, ఇంకొంచెం పోయమన్నారు. ఆపా మా వంక చూసి కళ్లు తుడుచుకున్నది. మరునాడు జుమా నమాజుకు ఆయన మా చేయి పట్టుకుని నెమ్మదిగా నడిచి మస్జిదుకు వచ్చారు.

సోదరీమణులారా! ఇంట్లో ఒకరికి పథ్యం అవసరమైతే ఆ మనిషిని వేరు చేయకండి. వీలైనంతవరకు ఇంటి వంటనే ఆయన తినగలిగేలా మార్చండి. నూనె, ఉప్పు తగ్గితే మిగిలిన వారికీ మేలే. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! మన దస్తర్‌ఖాన్లపై శుభాలు కురిపించుగాక! ఆమీన్.