చల్లదనానికీ ఒక హద్దుంది

మొన్న వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దే పనిమీద హైదరాబాదు వెళ్ళాను. బయలుదేరేటప్పుడు మా అమ్మ ఒక్కటే మాట చెప్పింది: "నా మందు మరిచిపోకురా." అమ్మకు డెబ్భై ఆరేళ్ళు. చక్కెర జబ్బు. ఆమె వాడే రకం ఇన్సులిన్ మా ఊళ్ళో దొరకడం లేదు.

పని ముగిశాక ఆబిడ్సులో మందు కొన్నాను. ఆరవ నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ దుకాణం పెట్టాడట. దుకాణం పోయింది, పేరు మిగిలింది. మందుల షాపువారు ఒక చిన్న చల్లని సంచిని గుడ్డలో చుట్టి, మందు పక్కన పెట్టి ఇచ్చారు. పొద్దు వాలినా తారురోడ్డు సెగలు కక్కుతూనే ఉంది. నాంపల్లిలో రాత్రి బండి ఎక్కాలి.

వెంట ఉన్న మా బావమరిదికి ఆ ఏర్పాటు ఆనలేదు. "ఈ ఎండకు ఇదేం చాలుతుంది బావా! డ్రై ఐస్ వేసుకుందాం, తెల్లవార్లూ కరగదు" అన్నాడు. సరేనని నడిచాం.

ఆబిడ్సు నుంచి నాంపల్లికి పోయే దారిలోనే మొజంజాహీ మార్కెట్టు. 1935లో ఏడవ నిజాం తన రెండవ కుమారుడి పేరిట కట్టించిన రాతి కట్టడం. అక్కడి ఐస్‌క్రీము ఊరంతటికీ తెలుసు. పాలు, పండ్ల గుజ్జు ఉన్న డబ్బా చుట్టూ ఐసు, ఉప్పు పోసి తిప్పడం పాత పద్ధతి. ఉప్పు తగిలిన ఐసు కరుగుతూ పాలలోని వేడిని లాగేస్తుంది. సున్నాకు దిగువన ఇరవై డిగ్రీల దాకా పోగలదు.

ఒక దుకాణంలో డ్రై ఐస్ సంగతి అడిగాం. "మందుకా?" అన్నాడు పెద్దాయన, తల అడ్డంగా ఊపుతూ. "అది ఐసు కాదు సాబ్, గడ్డకట్టిన గాలి. వట్టి చేత్తో ముట్టుకుంటే బొబ్బలెక్కుతుంది. ముందు మందుల వాళ్ళను అడగండి."

నాంపల్లి స్టేషను దగ్గర మరో మందుల షాపులో అడిగాం. అక్కడి ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఎంత పని చేసేవారండీ! డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు. చలి సున్నాకు డెబ్భై ఎనిమిది డిగ్రీలు దిగువ. అది నీరు కాకుండానే ఆవిరవుతుంది. మూత బిగిస్తే పెట్టె పేలవచ్చు; గాలాడని గదిలో ఊపిరి ఆడదు. ఇన్సులిన్ ఉండవలసింది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య. ఒక్కసారి గడ్డకట్టిందా, కరిగాక చూడడానికి మామూలుగానే ఉన్నా పనికిరాదు."

నాకు చెమటలు పట్టాయి. చెడిన మందును అమ్మ మంచిదనుకునే పొడుచుకునేది!

బావమరిది నోరు మెదపలేదు. ఆయన మా చల్లని సంచి తాకి చూసి, సీసాలకు తగలకుండా మరో మడత గుడ్డ చుట్టి, "ఇది చాలు, ఎండ తగలనివ్వకండి" అని పంపాడు.

1907 నాటి ఆ స్టేషనులో బండి ఎక్కి, సంచి ఒడిలోనే పెట్టుకున్నాను. తెల్లవారి అమ్మ సీసా చేతిలోకి తీసుకుని, "చల్లగానే ఉందిరా" అంది.

"చల్లగానే ఉందమ్మా, ఎంత ఉండాలో అంతే" అన్నాను.