తాళం ఎవరి పక్షాన ఉండాలి?

భద్రత అన్న మాట మన రాజకీయాల్లో ఎంత తరచుగా వినిపిస్తుందో, ఆ భద్రత పనిచేస్తున్నదా లేదా అని పరీక్షించి చూసే అలవాటు అంత అరుదుగా కనిపిస్తుంది. ఈ వేసవిలో నా పాత కారు తలుపులు మొరాయించినప్పుడు ఆ సంగతి మరింత దగ్గరగా చూడవలసి వచ్చింది.

కారు కొన్న తరువాత బయట బిగించుకున్న అలారం, దానితో పాటు సెంట్రల్ లాకింగ్. రిమోట్ నొక్కగానే తలుపులు మూసుకునేవి. మరుక్షణమే టక్కున తెరుచుకునేవి. వెనక ఎడమ తలుపు మాత్రం అసలు కదిలేది కాదు. ఇవి చాలవన్నట్టు అర్ధరాత్రి సైరన్ దానంతట అదే మోగి వీధినంతటినీ లేపేది. మొదట చూపించిన దుకాణంలో ఒక్క మాటలో తేల్చేశారు: మొత్తం సిస్టమ్ మార్చాలి. ఏ వ్యవస్థ విఫలమైనా మరో కొత్త వ్యవస్థను ప్రకటించడం పార్లమెంటు వార్తలు రాసేవారికి కొత్త కాదు. అందుకే ఆ మాటను అంత తేలిగ్గా నమ్మబుద్ధి కాలేదు.

ఢిల్లీ కశ్మీరీ గేట్ విడిభాగాల బజారులో ఒక వృద్ధ ఎలక్ట్రీషియన్ దొరికాడు. పనిముట్లు తీయకముందే మూడు ప్రశ్నలు వేశాడు. లోపం ఒక్క తలుపుకా, నాలుగింటికీనా? తాళం పడటమే లేదా, పడి మళ్లీ తెరుచుకుంటున్నదా? నొక్కినప్పుడు డాష్‌బోర్డు కింద టక్‌మన్న చప్పుడు వస్తున్నదా?

ఆ ప్రశ్నల్లోనే విచారణ సగం పూర్తయింది. నాలుగు తలుపులూ ఒకేసారి మూగబోతే ఉమ్మడి మూలాన్ని వెతకాలి: ఫ్యూజు, ఎర్తు వైరు, బ్యాటరీ, కంట్రోల్ బాక్సు. ఒక్క తలుపే కదలకపోతే కారణం ఆ తలుపులోనే, లేదా దానికి వెళ్లే తీగలోనే ఉంటుంది. బాక్సులోని రిలే టక్‌మంటున్నదంటే ఆజ్ఞ వెలువడుతున్నదని, అది గమ్యం చేరడం లేదని అర్థం.

తలుపు లోపల తాళాన్ని పైకీ కిందికీ జరిపే చిన్న మోటారును యాక్చువేటర్ అంటారు. ఇలా బయట బిగించే సెట్లలో సాధారణంగా మూడు తలుపుల మోటార్లకు రెండేసి తీగలే ఉంటాయి. వాటిలో విద్యుత్తు ఒక దిశలో పారితే తాళం పడుతుంది, దిశ మారితే తెరుచుకుంటుంది. డ్రైవరు తలుపు మోటారుకు మాత్రం అయిదు తీగలు. అదనంగా ఉన్న మూడూ లోపలి స్విచ్చువి. డ్రైవరు తలుపు మూసి ఉందో తెరిచి ఉందో బాక్సుకు కబురు చేరవేయడం వాటి పని. ఆ కబురును బట్టే మిగిలిన తలుపులు నడుచుకుంటాయి.

నా కారులో ఆ స్విచ్చు అరిగిపోయింది. తాళం పడగానే డ్రైవరు తలుపు తెరుచుకున్నదని తప్పుడు కబురు పంపేది. బాక్సు దాన్ని నమ్మి అన్నింటినీ తెరిచేది. వెనక తలుపు సంగతి వేరు. తలుపుకూ కారు చట్రానికీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో, ఏళ్ల తరబడి వంగి వంగి ఒక తీగ తెగింది. పై తొడుగు చెక్కు చెదరలేదు కనుక కంటికి కనిపించలేదు; మీటరు పెట్టినప్పుడు దొరికింది. అర్ధరాత్రి సైరన్‌కు కారణం ఒక తలుపు అంచున తుప్పు పట్టిన బటన్ స్విచ్చు. మూసి ఉన్న తలుపును తెరిచి ఉన్నట్టు చూపింది. మూడు చిన్న లోపాలు, మూడు వేర్వేరు చోట్ల. పారేయమన్న బాక్సు నిక్షేపంగా ఉంది.

మరమ్మతు అయ్యాక ఆయన చేసిన పనే నాకు ముఖ్యమనిపించింది. వెనక సీట్లో కూర్చుని, నన్ను బయటి నుంచి తాళం వేయమన్నాడు. లోపలి నుంచి మీట లాగి రెండు వైపులా తలుపులు తెరిచి చూశాడు. “బయటి నుంచి పడితే సగం పనే అయినట్టు సాబ్. లోపలున్నవాడు బయటికి రాగలగాలి” అన్నాడు.

మన ప్రజాభద్రతా విధానాల్లో తరచుగా మిగిలిపోయేది ఈ రెండో సగమే. కార్ల అద్దాలకు నల్లటి ఫిల్ములు వాడరాదని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. అదే ఏడాది డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో ఆ ఘోరం జరిగిన బస్సు నల్లటి అద్దాలతో, తెరలతోనే రోడ్ల మీద తిరిగింది. 2013 బడ్జెట్‌లో వెయ్యి కోట్లతో నిర్భయ నిధి ప్రకటించారు. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ప్రజారవాణా వాహనాలకు, ఆటోల వంటివి మినహా, ట్రాకింగ్ పరికరం, ప్యానిక్ బటన్ తప్పనిసరి చేశారు. అదే ఏడాది జులై నుంచి ట్యాక్సీల్లో చైల్డ్ లాక్ ఉండరాదన్నారు. వెనక తలుపు అంచున ఉండే ఆ చిన్న మీటను జరిపితే లోపలి హ్యాండిల్ పనిచేయదు. బయటివారు తెరిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. పసివాళ్ల కోసం పుట్టిన ఏర్పాటు ఒంటరి ప్రయాణికురాలికి ఉచ్చు కాగలదని గుర్తించిన మంచి నిబంధన అది. కానీ నిబంధన అంటే వెలువడిన ఆజ్ఞ. రిలే చప్పుడు లాంటిది. తలుపు కదిలిందా లేదా అన్నది వేరే ప్రశ్న. బటన్ బిగించామన్న నివేదిక, అరిగిన స్విచ్చు పంపే కబురులాగే, అబద్ధం కావచ్చు.

ఇది ట్యాక్సీలకే పరిమితమైన సమస్య కాదు. 2025 మే నెలలో విజయనగరం దగ్గరి ద్వారపూడిలో ఆడుకుంటూ, ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు చిన్నారులు తలుపులు తెరుచుకోక ఊపిరాడక మరణించారు. ఎండలో నిలిపిన కారు నిమిషాల్లో కొలిమి అవుతుంది. తాళం ఎటు లాగాలో, హారన్ ఎక్కడ నొక్కాలో పిల్లలకు నేర్పడం, ఇంటి ముందు ఆగిన కారుకు తాళం వేసి ఉందో లేదో చూసుకోవడం మన చేతిలో ఉన్న పనులు.

ప్రభుత్వం చేతిలో ఉన్న పని కూడా అంత కష్టమైనది కాదు. ట్యాక్సీకి ఫిట్‌నెస్ పత్రం ఇచ్చే ముందు ఒక ఉద్యోగి వెనక సీట్లో కూర్చోవాలి. బయటి నుంచి తాళం వేయించుకుని, తానే తెరుచుకుని దిగాలి. ప్యానిక్ బటన్ నొక్కి, అవతల ఎవరైనా పలుకుతారేమో వేచి చూడాలి. ఎంతసేపటికి పలికారో ఆ పత్రం మీదే రాయాలి.