పిల్లలకు పని చెప్పుడు వేరు, పెత్తనం ఇచ్చుడు వేరు

ఈసారి పసుపు రేటు గురించి రాస్తలేను, పసుపు బోర్డు గురించి కూడా కాదు. మన ఇండ్లల్ల పెరుగుతున్న పిల్లల గురించి రాస్తున్న. కొంచెం పొడుగైంది, మాపటికి తీరికగా చదవండి.

మా చిన్నబిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నది. 17 ఏండ్లు. ఆర్మీలో ఆఫీసర్ అయితనంటున్నది. వచ్చే ఏప్రిల్‌లో ఎన్‌డీఏ పరీక్ష రాస్తది. ఈ సంగతి ఊర్లో తెలిసినప్పటి నుంచి హోటల్ కాడ చాయ్ తాగుదామని కూసుంటే చాలు, నాకు మూడు ప్రశ్నలు వస్తున్నయి. ఒకటి, ఆడపిల్లను మిలిటరీకి పంపుతవా? రెండు, మన ఊరి చదువుకు అసొంటి కొలువు అందుతదా? మూడోది ఎవరూ గట్టిగా అడగరు, మెల్లగా అంటరు: రేపు ఏమన్న అయితే ఎట్ల? మూడూ అడగాల్సిన ప్రశ్నలే. మీ ఇంట్ల కూడా అసొంటి పిల్లనో పిలగాడో ఉండొచ్చు గనుక నాకు తెలిసినకాడికి జవాబు రాస్తున్న.

ముందుగాల ఆఫీసర్ అంటే ఏందో చెప్పుకుందాం. మన దిక్కు పిలగాండ్లు ఇంటర్ కాంగనే రెండు తొవ్వలు చూస్తరు. ఒకటి దుబాయ్. రెండోది తెల్లారకముందే లేచి రోడ్డు మీద ఉరికి ఆర్మీ ర్యాలీకి పోవుడు. 2022 నుంచి ఆ ర్యాలీలో ఎంపికైనోళ్లు అగ్నివీరులు. నాలుగేండ్ల కొలువు, ఆ తర్వాత నూటికి 25 మంది దాకానే ఉంచుకుంటరు. ఆఫీసర్ తొవ్వ వేరే. యూపీఎస్సీ వాళ్లు ఏడాదికి రెండుసార్లు ఎన్‌డీఏ పరీక్ష పెడతరు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతుండంగనే రాయొచ్చు. వయసు 16న్నర, 19న్నర మధ్యన ఉండాలె, పెండ్లి కాకుండా ఉండాలె. ఎంపికైతే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేండ్లు, ఆర్మీ అయితే ఇంకొక ఏడాది డెహ్రాడూన్‌లో శిక్షణ. డిగ్రీ కూడా అండ్లనే వస్తది, శిక్షణ ఖర్చు సర్కారుదే. బయటికి వచ్చేసరికి లెఫ్టినెంట్. మనం ఇంకా చిన్నపిల్ల అనుకునే వయసుకు చేతికింద జవాన్లు ఉంటరు, అండ్ల కొందరు తండ్రి వయసోళ్లు. వాళ్లందరి మంచిచెడ్డ ఆ పిల్ల మీదనే.

అందుకే ఆ పరీక్ష మన ఎంసెట్ లెక్క ఉండదు. రాత పరీక్షకు 900 మార్కులు, లెక్కలకు 300, మిగతా సబ్జెక్టులకు 600. దాన్ల గట్టెక్కినోళ్లకు ఇంకో 900 మార్కులు ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు. ఇంటర్వ్యూ అంటే పావుగంట కూసోబెట్టి అడుగుడు కాదు. ఐదు రోజులు ఒక్కకాడ ఉంచుకొని చూస్తరు. ఒక బొమ్మ చూపించి కథ రాయమంటరు. ఇట్ల అయితే నువ్వేం చేస్తవ్ అని 60 సందర్భాలు ఇచ్చి అర్ధగంటల జవాబులు రాయమంటరు. తర్వాత మైదానంలకు తీస్కపోతరు. కొన్ని పలకలు, ఒక తాడు, ఒక బరువు ఇచ్చి, నేల మీద కాలు పెట్టకుండా గుంపంతా అడ్డంకులు దాటి అటు దిక్కు చేరాలంటరు. నాయకుడు ఎవరో వాళ్లు చెప్పరు. ఎవరు ముందుకొస్తున్నరు, ఎవరు ఎదుటోని మాట వింటున్నరు, ఎవరు ఊకె ఒర్రుతున్నరు అని పక్కన నిలబడి రాసుకుంటరు. ఆ తర్వాత ఒక్కొక్కరినే కమాండర్‌ను చేసి చూస్తరు. చొరవ, బాధ్యత, ధైర్యం, నలుగురితో కలిసి పనిచేసుడు, ఇట్ల 15 గుణాలు వెతుకుతరట.

బిడ్డ ఇదంతా చెప్తుంటే నాకు మన పసుపు ఉడకబెట్టే రోజులు యాదికొచ్చినయి. బాయిలర్ వంతు, కూలీలు, డీజిల్, నీళ్లు, మబ్బు, అన్నీ ఒక్కపారి మీదపడతయి. ఎవరో ఒకరు చూసుకోవాలె. మన ఇండ్లల్ల ఆ ఒక్కరు ఎప్పుడూ మనమే. పిల్లలను రెండు తీర్లుగ పెంచుతున్నం. సగం మంది 'నువ్వు చదువుకో, చేను దిక్కు రాకు' అంటున్నం. మిగతా సగం మంది 'ఆ సంచి పట్టు, ఈ మోటర్ వెయ్యి' అని చెప్పి చేయిస్తున్నం. రెండిట్ల ఏది చేసినా ఆలోచించే పని మన దగ్గరనే ఉంటది. చెప్పిన పని చేసుడుతోని కష్టం అలవాటైతది గానీ నిర్ణయం తీసుకునుడు అలవాటు కాదు.

పోయిన సీజన్‌ల నాకు మోకాలు నొప్పి వచ్చి నడుసుడు కష్టమైంది. ఇంటర్ ఫస్టియర్‌ల ఉన్న మా చిన్నబిడ్డకు సెలవు రోజుల్ల కల్లం అప్పజెప్పిన. రెండెకరాల పసుపు. బాయిలర్ ఎప్పుడు రావాలె, కూలీలు ఎంతమంది, పైసల లెక్క, అన్నీ ఆమెవే. మొదటి దినం ఆడకూలీలు ఆమె మాట ఇనలే. నిన్నగాక మొన్న పుట్టిన పొల్ల మాకు చెప్పుడేంది అన్నరు. నేను కల్లం కాడ ఉంటే అందరూ నా మొఖమే చూస్తున్నరు. అందుకని నేను అటు పోవుడే బంద్ చేసిన. రెండో దినం బిడ్డ ఏం చేసిందంటే, మండ, కొమ్ము వేరు చేసుడుల అందరికంటే చేయి తిరిగిన పెద్దమ్మ దగ్గర కూసొని, ఎట్ల చెయ్యాలె పెద్దమ్మా అని నేర్చుకున్నది. మూడో దినం నుంచి వేరు చేసే పని ఆ పెద్దమ్మకే అప్పజెప్పింది. ఇగ లొల్లి లేదు. ఈ ఉపాయం నేను చెప్పలే, పుస్తకంల కూడా చదవలే.

అదే నెలల ఒకనాడు రాత్రి ఎనిమిది గొట్టంగ మబ్బు పట్టింది. కల్లం కాడ ఆరుగురు మనుషులు. టార్పాలిన్లు సరిపోను లేవు. మాది నిన్ననే ఉడికిన కుప్ప. పక్క చేను మామది పదిహేను రోజులు ఎండి పాలిష్‌కు తయారుగున్న కుప్ప. ఆయన పెండ్లికి పోయిండు. అందరూ మా కుప్ప దిక్కు ఉరుకుతుంటే బిడ్డ ఆపింది. "ముందుగాల మామది కప్పుదాం. మనది ఇంకా పచ్చిగనే ఉన్నది. ఆయనది ఎండింది, తడిస్తే రంగు పోతది" అన్నది. ముసలోళ్లను రాళ్లు తెచ్చి అంచుల మీద పెట్టమన్నది, గట్టి మనుషులను కవర్లు గుంజమన్నది, ఒక పిలగాన్ని ఊర్లకు ఇంకో రెండు కవర్లకు తోలింది. ఫోన్ వచ్చి కుంటుకుంటు పోయిన నన్ను కూడా ఒక కొస పట్టుకొమ్మన్నది. పట్టుకున్న.

వాన కొట్టింది. మామ కుప్ప మిగిలింది. మాది సగం తడిసింది. నాలుగు రోజులు ఎక్కువ ఆరబెట్టినం, కొంత రంగు తగ్గింది, మార్కెట్ల రేటు కూడా తగ్గింది. మా ఇంటామె ఆ రాత్రి బాగ కోపం చేసింది. బిడ్డ ఒక్కటే మాట అన్నది: "అమ్మా, రెండు కుప్పలు కప్పే టైం లేకుండె. ఎక్కువ నష్టం దేనికో చూసి చేసిన. అనేదుంటే నన్ను అను, పనోళ్లను అనకు." ఆ నిర్ణయాన్ని మా ఇంటామె ఇప్పటికీ ఒప్పుకోదు. మామ మాత్రం తెల్లారి తన మనుషులను తోలి మా కుప్ప తిరగేయించిండు. నాకైతే ఆ రాత్రి అర్థమైంది, ఈ పిల్ల ఆఫీసర్ అయితనంటే ఊరికె అంటలేదని.

ఇప్పుడు మొదటి ప్రశ్న, ఆడపిల్లనా అన్నది. 2021ల సుప్రీంకోర్టు చెప్పినంక ఆడపిల్లలను ఎన్‌డీఏ పరీక్షకు రానిచ్చిన్రు. 2022ల మొదటి బ్యాచ్ చేరింది. 2025 మే 30 నాడు 17 మంది ఆడపిల్లలు మగపిల్లలతోని సమానంగా కవాతు చేసి బయటికొచ్చిన్రు. అంత దూరం ఎందుకు, మన జిల్లాలోనే సిరికొండ మండలం పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25 నాడు ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు కూడా నిండలే. గురుకులంల చదివిన గిరిజన బిడ్డ. ఆమెను చూసినంక కూడా ఆడపిల్లనా అని అడిగితే నేనేం చెప్పాలె?

రెండోది చదువు. ఇది మాత్రం కష్టమే, తక్కువ చేసి చెప్పను. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీలోనే ఉంటది, తెలుగులో ఉండదు. ఒక్క ఇంగ్లిష్‌కే 200 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు కోస్తరు. మన పిల్లలు లెక్కల్ల ఎవనికీ తీసిపోరు గానీ నలుగురిలో ఇంగ్లిష్ మాట్లాడమంటే తల కిందికేస్తరు. మా బిడ్డ రోజూ అర్ధగంట ఇంగ్లిష్ పేపర్ గట్టిగా చదువుతది. నాకు సగం సమజ్ కాకున్నా ఎదురుంగ కూసొని వింట. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు పరీక్ష ఫీజు లేదు. ఎవడన్న వచ్చి పైసలిస్తే సీటు ఇప్పిస్త అంటే వాన్ని గడప తొక్కనియ్యకుండ్రి, ఆ కొలువు పైసలకు దొరికేది కాదు.

చిన్నపిల్లలు ఉన్నోళ్లు ఇంకా ముందుగాలనే తయారు కావచ్చు. సైనిక్ స్కూళ్లల్ల ఆరో తరగతి, తొమ్మిదో తరగతిల చేర్చుకుంటరు. విజయనగరం దగ్గర కోరుకొండ స్కూల్ 1962 నుంచి ఉన్నది, చిత్తూరు దిక్కు కలికిరిల ఇంకోటి ఉన్నది. మన కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌ల గురుకులం వాళ్ల సైనిక్ స్కూల్ ఉన్నది. ఇంటర్ అయిన ఆడపిల్లలకు భువనగిరి జిల్లాలో గురుకులం వాళ్ల ఆర్మ్‌డ్ ఫోర్సెస్ డిగ్రీ కాలేజీ 2018ల పెట్టిన్రు. ఎన్‌డీఏ రాకుంటే బతుకు ఆగిపోదు, డిగ్రీ అయినంక సీడీఎస్ రాయొచ్చు. ఎన్‌సీసీ సి సర్టిఫికెట్ ఉంటే ఆ రాత పరీక్ష లేకుండనే ఇంటర్వ్యూకు పోయే తొవ్వ కూడా ఉన్నది. మీ పిల్లల కాలేజీల ఎన్‌సీసీ ఉంటే చేర్పించుండ్రి.

మూడో ప్రశ్న. ఏమన్న అయితే ఎట్ల?

సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ఆరో తరగతిలనే కోరుకొండ సైనిక్ స్కూల్‌కు పోయిండు. అక్కడి నుంచి ఎన్‌డీఏ, తర్వాత 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌ల చైనా వాళ్లతోని జరిగిన కొట్లాటల మన సైనికులు 20 మంది చనిపోతే అండ్ల ఆయన కూడా ఉన్నడు. దెబ్బలు తాకినా వెనుకకు రాకుండా తన మనుషులను ముందుండి నడిపించినందుకు మహావీర చక్ర ఇచ్చిన్రు. అదే ఏడాది నవంబర్‌ల మన పక్కన వేల్పూర్ మండలం కోమన్‌పల్లి బిడ్డ ర్యాడ మహేశ్ కశ్మీర్ మాచిల్ సెక్టార్‌ల ప్రాణం ఇచ్చిండు. ఆయన జవాను. అదే కాల్పుల్ల కెప్టెన్ అశుతోష్ కుమార్ అనే ఆఫీసర్ కూడా పోయిండు. ఆఫీసర్ అంటే వెనుక కుర్సీల కూసునేటోడు కాదని ఆ రెండు సంగతులు చూస్తే తెలుస్తది.

నాకు భయం లేదని మీకు అబద్ధం చెప్పను. గల్ఫ్ నుంచి మన ఊర్లకు పెట్టెలు వచ్చుడు చూసినం, రాత్రిపూట మోటర్ కాడ కరెంట్ షాక్‌తోని పోయినోళ్లను చూసినం. అవి చూసినమని ఈ భయం తక్కువ కాదు. మా ఇంటామెకైతే రాత్రి నిద్రపట్టదు. అయినా పొద్దుగాల ఐదింటికి బిడ్డ ఉరుకుడుకు బయలెల్లితే, చార్జింగ్ లైటు పట్టుకొని ఆమెనే ఊరి చివర దాకా ఎంట పోతది. వద్దని ఒక్కనాడు అనలే, పో అని కూడా అనలే. మా ఇంట్ల ఈ మాట ఇంకా తెగలే. ఏప్రిల్ పరీక్ష మాత్రం రాస్తది, ఆ మాట బిడ్డకు ఇచ్చేసిన.

మీకు నేను చెప్పేది ఆర్మీకే పంపుమని కాదు. ఈ సీజన్‌ల మీ పిల్లకో పిలగానికో ఒక పని మొత్తంగా అప్పజెప్పుండ్రి. ఎర్రజొన్న కాడ కూలీల లెక్కనో, మడికి నీళ్లు పెట్టే వంతులో, ఏదన్న సరే. నిర్ణయం కూడా వాళ్లనే తీసుకోనియ్యుండ్రి. మధ్యల మనకు నోరు దురద పెడతది, ఓర్చుకోవాలె. వంద రూపాయలు నష్టమైనా ఇంట్ల పోయినట్టే అనుకోండి. రేపు ఆ పిల్ల ఆఫీసర్ కావచ్చు, సర్పంచ్ కావచ్చు, మన చేనే చేసుకోవచ్చు. పదిమంది మధ్యన నిలబడి మాట్లాడే ధైర్యం అన్నిటికీ కావాలె.

మీ ఊర్ల ఎవరన్న పిల్లలు ఎన్‌డీఏకో సైనిక్ స్కూల్‌కో తయారైతుంటే కింద రాయండి. ఇంగ్లిష్ మాట్లాడుడు ఎట్ల నేర్పిస్తున్నరో కూడా చెప్పండి, మా బిడ్డకు పనికొస్తది. ఉంట మరి.