సంఘం షాట్

మేం ఆఫీసు మిత్రులం కొందరం కలిసి ఒక బస్తీలో, కమ్యూనిటీ హాల్లో చిన్న లైబ్రరీ నడుపుతున్నాం. ఆదివారం పొద్దున పిల్లలతో కూర్చుని కథలు చదవడం, అంతే పని. మూడేళ్ళ క్రితం పుస్తకాలకి డబ్బు చాలక, వీడియో తీసి యూట్యూబ్‌లో పెడదామనుకున్నాం. సినిమాల మీద నాలుగు సమీక్షలు రాశాను కాబట్టి కెమెరా నా చేతికొచ్చింది.

మూడో తరగతి పాపని నేల మీద కూర్చోబెట్టి, చేతికి చిరిగిన పుస్తకమిచ్చి, నేను కుర్చీ ఎక్కి పైనుంచి తీశాను. వెనక వేణువు. చివర్లో "ఈ చిన్నారికి ఒక పుస్తకం" అన్న అక్షరాలు. వీడియో బాగా తిరిగింది. వారంలో రెండు బీరువాల పుస్తకాలకి సరిపడా డబ్బొచ్చింది.

తర్వాతి ఆదివారం పాప రాలేదు. వాళ్ళమ్మ వచ్చింది.

"మేం లేమా సార్ దానికి? అడుక్కునేదాని లెక్క సూపెట్టిన్రు. బడిల పిల్లలు ఎక్కిరిస్తున్నరు."

సంతకం తీసుకున్నాం కదమ్మా అనబోయి ఆగాను. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది.

వీడియో ఆ రాత్రే తీసేశాను. కానీ డిలీట్ నొక్కితే పోయేది నా దగ్గరున్న కాపీ ఒక్కటే. వాట్సాప్‌లో ఎవరెవరి ఫోన్లలోకి వెళ్ళిందో నాకెలా తెలుస్తుంది? ఈ సంగతి ఉద్యోగరీత్యా నాకు అందరికన్నా ముందే తెలిసుండాలి.

అప్పుడు గుర్తొచ్చింది పస్తాపూర్. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో, చదువురాని దళిత రైతు స్త్రీలు కెమెరా పట్టడం నేర్చుకుని తమ విత్తనాల గురించి, పంటల గురించి సినిమాలు తీశారు. 2008లో మాచునూరు నుంచి సంఘం రేడియో నడిపించిందీ ఆ సంఘాలవాళ్ళే. కంటి ఎత్తులో తీసే షాట్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సంఘం షాట్'. సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కనక. ఈ మాట నేను ఎప్పుడో చదివాను. ఎవరికో గొప్పగా చెప్పాను కూడా. కుర్చీ ఎక్కినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

రెండో వీడియో పిల్లలే తీశారు, ఫోన్‌తో. తమకి నచ్చిన కథ గురించి ఒకరినొకరు అడిగారు. పాట లేదు, బీద మొహాలు లేవు. పెట్టేముందు హాల్లో గోడ మీద వేసి అమ్మానాన్నలకి చూపించాం. ఒక అవ్వ "గీ ముక్క తీసెయ్యి బిడ్డా, నా ఇల్లు కనబడ్తుంది" అంది. తీసేశాం. ఎవరైనా ఎప్పుడు వద్దన్నా దించేస్తామని ముందే తెలుగులో చెప్పాం.

డబ్బు మొదటిదాంట్లో నాలుగో వంతు కూడా రాలేదు. యూట్యూబ్ గ్రాఫ్ చూస్తే, చాలామంది అర నిమిషంలోపే వెళ్ళిపోయారు. "జాలి లేకపోతే ఎవడు చూస్తాడు రా?" అని మావాడొకడు ఇప్పటికీ అంటాడు. వాడి లెక్క తప్పని నేను నిరూపించలేను. అయితే ఆ వీడియో చూసి పక్క బస్తీ నుంచి ఇద్దరు పిల్లలు పుస్తకాలకోసం నడుచుకుంటూ వచ్చారు. మొదటి వీడియో చూసి డబ్బులొచ్చాయి గానీ, ఒక్క పిల్లా రాలేదు.

ఆ డబ్బుతో కొన్న పుస్తకాలు ఇంకా బీరువాల్లో ఉన్నాయి. పిల్లలు చదువుతున్నారు. ఆ పాప మాత్రం మళ్ళీ రాలేదు.