రిజిస్టరులో 80 అని రాసింది నేనే

మా ఆఫీసులో వ్యాన్ల రిజిస్టరు రాసే పని నాది. ఏ వ్యాను ఎన్ని మైళ్ళు తిరిగింది, ఆయిలు ఎప్పుడు మార్చారు, టైర్లలో గాలి ఎంత ఉంది, అన్నీ రాసి కింద సంతకం పెట్టాలి. టైరు ముట్టుకుని ఎరగను. డ్రైవరు చెబుతాడు, నేను రాస్తాను. అంతే.

పోయిన జులై సంగతి. టెక్సాస్ ఎండ మన రెంటచింతల ఎండకి ఏమీ తీసిపోదు. సైటు నుంచి క్యాంపుకి 50 మైళ్ళు. సాయంత్రం 15 సీట్ల వ్యాను వచ్చి ఆగింది, 14 మంది దిగారు. డ్రైవరు అన్నది నిజామాబాదు వైపు. దుబాయిలో పదేళ్ళు ట్రక్కు తోలిన మనిషి. గేజి తెచ్చి వెనక టైరుకి పెట్టాడు.

"తమ్మీ, డోరు కాడ స్టిక్కరు మీద 80 అని ఉన్నది. గిది 88 సూపెడుతున్నది. గింత ఎండల పేలుతది" అన్నాడు.

వాల్వు నొక్కి వెనక టైర్లు రెండింటినీ 80కి దించాడు. నేను 80 అని రాసి సంతకం పెట్టాను. ఇద్దరం మంచి పని చేశామనే అనుకున్నాం.

నాలుగో రోజు పొద్దున హైవే మీద వెనక సీటు కుర్రాడు "అన్నా, రబ్బరు కాలిన వాసన వస్తోంది, బండి వెనకాల ఊగుతోంది" అని అరిచాడట. అన్న కంగారుపడి బ్రేకు తొక్కలేదు. మెల్లగా వేగం తగ్గించి పక్కకి తీశాడు. వెనక ఎడమ టైరు పక్క భాగం గడ్డ లేచినట్టు ఉబ్బి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఆ 14 మంది మొహాలే కనబడుతున్నాయి.

టైరు షాపు నడిపే పెద్దాయన మెక్సికో మనిషి. టైరు విప్పి చూస్తే చిన్న మేకు ఉంది, గాలి కొంచెం కొంచెంగా పోతోంది. కాని ఆయన మేకు గురించి కాదు అడిగింది. "గాలి ఎప్పుడు చూశారు? పొద్దున్నా, సాయంత్రమా?" అన్నాడు. సాయంత్రం అన్నాం. ఆయన తల పట్టుకున్నాడు.

స్టిక్కరు మీద ఉండే అంకె చల్లటి టైరుకి. చల్లగా అంటే చలికాలం అని నేను అనుకునేవాణ్ణి, నవ్వకండి. బండి కనీసం మూడు గంటలు కదలకుండా, నీడలో ఉంటే అది చల్లటి టైరు, అది ఎండాకాలమైనా సరే. బండి నడిస్తే టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి వేడెక్కి ప్రెషరు పెరుగుతుంది. అది పెరగాల్సిందే, ఆ పెరుగుదల లెక్కేసే కంపెనీ వాళ్ళు ఆ అంకె వేస్తారు. మేము వేడి మీద 88ని 80 చేశాం. తెల్లారేసరికి చల్లారి అది 72కి, 73కి వచ్చి ఉంటుంది. అంటే మేకు సంగతి మేకుది, ఎనిమిది పౌండ్లు మాత్రం మేమే తీసేశాం. గాలి తక్కువైన టైరు రోడ్డు మీద ఎక్కువ నలుగుతుంది, నలిగినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఎండకి పేలుతుందని గాలి తీస్తే, పేలే దారిలో మనమే పెట్టినట్టు.

మరి డాష్‌బోర్డు మీద లైటు వెలగలేదా అని మా మేనేజరు అడిగాడు. వెలగలేదు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, ఆ గొడవ మీద అదే ఏడాది నవంబరులో అమెరికాలో ట్రెడ్ చట్టం వచ్చింది. ఆ చట్టం వల్లే 2008 మోడలు బళ్ళ నుంచి ఈ లైటు తప్పనిసరి. అయితే గాలి 25 శాతం తగ్గితే గాని అది వెలగనక్కరలేదు. 80లో 25 శాతం పోతే 60. దానికి పైన ఉన్నంతవరకు లైటు నోరు విప్పదు.

మన వాళ్ళు ఎక్కువగా ఎక్కేది ఈ 15 సీట్ల వ్యాన్లే కాబట్టి ఇంకొక్క సంగతి చెప్పాలి. పది మంది, అంతకు మించి ఎక్కితే, ఐదుగురి లోపు ఉన్నప్పటికంటే ప్రమాదంలో బోల్తా పడే అవకాశం దాదాపు మూడింతలని ఇక్కడి రోడ్డు భద్రతా శాఖ 2001లోనే చెప్పింది. ఆ ఏడాది మేలో టెక్సాస్‌లోని హెన్రియెట్టా దగ్గర, జులైలో నార్త్ కరోలినాలోని రాండిల్‌మన్ దగ్గర ఇలాంటి వ్యాన్లు బోల్తాపడి ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా పోయింది వెనక ఎడమ టైరే. తర్వాత అదే శాఖ చూస్తే నూటికి 74 వ్యాన్లలో గాలి సరిగ్గా లేదు. మామూలు కార్లలో అది 39. వ్యానుకి ముందు ఒక అంకె, వెనక ఒక అంకె ఉండటం కూడా కారణం కావచ్చని నా అనుమానం. మా వ్యానుకి ముందు 55, వెనక 80. నాలుగింటికీ ఒకే గాలి కొట్టేవాళ్ళని చూశాను. టైరు పక్కన అచ్చు వేసి ఉండే అంకె వేరు, అది ఆ టైరు ఓర్చుకునే గరిష్ఠం. చూడాల్సింది డోరు దగ్గర స్టిక్కరు.

మన ఊళ్ళో లారీ క్లీనర్లు టీ కొట్టు దగ్గర ఆగినప్పుడల్లా రాడ్డుతో టైరు మీద కొట్టి చప్పుడు వింటారు. పూర్తిగా గాలి పోయిన టైరుని అది పట్టిస్తుంది. ఎనిమిది పౌండ్ల తేడాని పట్టించదు.

ఒకవేళ దారిలో వేడి మీద చూడాల్సి వస్తే, ఎక్కువ చూపించినా గాలి తీయొద్దు. వేడి మీద కూడా స్టిక్కరు కంటే తక్కువ ఉంటే మాత్రం నిజంగా తక్కువే. వెంటనే కొట్టించి, తెల్లారి మళ్ళీ చూడాలి.

ఇప్పుడు మా రిజిస్టరులో ఒక గడి ఎక్కువ గీశాను, టైము రాయడానికి. వ్యాను 5 గంటలకి బయల్దేరుతుంది, గేజి 4:40కి పెట్టాలి. ఆ ఇరవై నిమిషాలకి జీతం ఎవరిస్తారని మేనేజరు దగ్గర రెండు వారాలు వాదన నడిచింది. చివరికి డ్రైవరుకి పావుగంట కలిపారు. నాకు కలపలేదు. అయినా వెళ్తున్నాను. ఆ వెనక సీటు కుర్రాడు సెల్‌ఫోను లైటు పట్టుకుంటాడు, అన్న గేజి పెడతాడు, నేను వంగి అంకె నా కళ్ళతో చూసి రాస్తాను.