వస్తే, రాకపోతే

జావాస్క్రిప్టు నేర్చుకొంటున్న మా మనుమరాలు "తాతయ్యా, అసింక్రనస్‌కు తెలుగేమిటి?" అని అడిగింది. 'అసమకాలికం' అనవచ్చును గాని, ఆ మాట విన్నంత మాత్రాన విషయం బోధపడదు. దానికన్న మన అసమాపక క్రియలే ఈ సంగతిని చక్కగా విప్పి చెబుతాయని నాకు తోచింది.

బాలవ్యాకరణం చదివినవారికి క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం కొత్త కావు. 'అడిగి, తెచ్చి, చూపెను' అన్నప్పుడు ఒకటి ముగిసిన మీదటనే మరొకటి. తొలినాటి జాలపుటల తీరు ఇదే. చిన్న సంగతి కావలసినా పుట మొత్తం సర్వరు నుండి మళ్ళీ రావలసిందే. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో మైక్రోసాఫ్టు వారు తెచ్చిన ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీ అనే సాధనం ఈ నిర్బంధాన్ని సడలించింది. పుట కదలకుండానే సర్వరుకు కబురంపే వీలు కలిగింది. 2004లో జీమెయిలు, 2005లో గూగుల్ మ్యాప్స్ దీని సత్తా చూపాయి. 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి 'అజాక్స్' అని నామకరణం చేశారు. ఇది శత్రర్థకం: ఒకవైపు కబురు నడుస్తూ ఉంటుంది, మరొకవైపు చదువరి చదువుతూ ఉంటాడు. 'జవాబు వస్తే ఇది చేయి' అని ప్రోగ్రాములో ముందుగా వ్రాసి ఉంచే భాగం చేదర్థకం.

మనం తెలుగు వ్రాసుకొన్న పనిముట్లలోనే ఈ భేదం కనబడేది. వీవెన్ గారి లేఖిని అక్షరాలను బ్రౌజరులోనే మారుస్తుంది, ఎవరినీ అడగనక్కరలేదు. 2007లో తెలుగుకు వచ్చిన గూగుల్ లిప్యంతరీకరణలో మాత్రం, ఆంగ్ల లిపిలో మాట కొట్టి ఖాళీ వదలగానే అది సర్వరుకు పోయి తెలుగై వచ్చేది. ఆలోగా మన వేళ్ళు తరువాతి మాట మీదికి పోయేవి.

మా మైపాడు వైపు ఈ ధర్మాన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. పడవ సముద్రం మీదికి పోయినంత మాత్రాన ఇంట్లో పొయ్యి వెలగటం మానదు. ముందు పోయిన పడవ ముందే రావాలనీ లేదు. కబుర్లూ అంతే. ఏ జవాబు ఏ ప్రశ్నకో గుర్తుపెట్టని ప్రోగ్రాములో, ఆలస్యంగా వచ్చిన పాత సమాధానం కొత్తదాని నెత్తిన కూర్చుంటుంది.

తీరవాసులకు బాగా తెలిసిన మాట మరొకటి ఉన్నది: 'రాకపోతే'. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మా తీరం వెంబడే ఉత్తరానికి సాగి, 5వ తేదీన బాపట్ల సమీపాన తీరం దాటింది. అంతకుముందు రాత్రి ఒక వాతావరణ పుట తెరిచి కూర్చున్నాను. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉన్నది. కబురు దారిలో ఉన్నదో, తెగిపోయిందో తెలియదు. పైన కనబడుతున్న గాలివేగం అప్పటిదో, ఉదయానిదో తెలియదు. అరుగు మీద చేరిన జాలరులు "ఏం చెప్తుండాది అయ్యోరా?" అని అడుగుతూ ఉన్నారు. చెప్పటానికి నా దగ్గర ఏమీ లేదు. వారు కాసేపు చూసి, వానలోనే పోయి పడవలను ఇంకా పైకి లాగుకొన్నారు.

ఆ పుట వ్రాసినవారు 'వస్తే' వ్రాశారు, 'రాకపోతే' వ్రాయలేదు. 2015 నుండి బ్రౌజర్లలోకి వచ్చిన ఫెచ్‌లోనూ ఈ చిక్కు ఉన్నది. తనంతట తాను అది గడువు పెట్టదు. సర్వరు 'అట్టిది లేదు' అని 404 పంపినా, జవాబంటూ అందింది గనుక కార్యం సఫలమనే భావిస్తుంది. వచ్చుట వేరు, అడిగినది తెచ్చుట వేరు గదా! గడువు విధించటం, వచ్చినదాన్ని పరీక్షించటం, రానప్పుడు ఆ మాట పైకి చెప్పటం వ్రాసేవారి విధి.

'ఇది సాయంత్రం 5 గంటల సమాచారం. కొత్తది అందలేదు' అన్న ఒక్క వాక్యం ఆ రాత్రి తెర మీద ఉంటే మాకు చాలును. చెడ్డ వార్తకైనా మనిషి సిద్ధపడగలడు గాని, తిరుగుతున్న చక్రానికి ఎలా సిద్ధపడతాడు? ప్రోగ్రాములు వ్రాసే యువమిత్రులు 'వస్తే' అని వ్రాసిన ప్రతిచోటా 'రాకపోతే' కూడా వ్రాయవలెనని నా మనవి.